వసంతోత్సవం: రాజోద్యానం నుండి దేవుని వీథికి

చైత్ర వైశాఖాలలో ఇంటిల్లిపాదీ బంధుమిత్రులతో కూడి తోటలకు, ఏటిగట్లకు, తిరునాళ్లకు తరలిపోవడం ఈనాటి వేసవి సెలవులతో పుట్టిన అలవాటని కొందరి భావన. అది సరికాదు. గ్రీష్మతాపాన్ని ఒంటరిగా భరించడం కంటె పదిమందితో కలిసి ఉత్సవంగా మలచుకోవడం ఈ దేశంలో అతిప్రాచీనమైన మర్యాద. అయితే ఆ ఉత్సవాలన్నీ నిలువలేదు. కొన్ని కావ్యవర్ణనలుగా మిగిలాయి, కొన్ని నేటికీ ఏటేటా జరుగుతున్నాయి. ఈ భేదానికి కారణమేమిటో విచారించవలసి ఉంది.

వాత్స్యాయనుని కామసూత్రంలో నాగరకుని దినచర్యను చెప్పే అధ్యాయం ఒకటున్నది. ఆ గ్రంథం పేరు వినగానే ముఖం చిట్లించే భక్తులు లేకపోలేదు. కాని ధర్మానికీ అర్థానికీ కూడా నమస్కరించిన తరువాతనే ఆ శాస్త్రం ఆరంభమవుతుంది. నియతమైన తిథినాడు సరస్వతీదేవి ఆలయంలో కళాకారులు, రసికులు సమావేశం కావాలని అక్కడ ఉంది. ఉద్యానయాత్ర విధానమూ ఉంది. పూర్వాహ్ణంలో అలంకరించుకొని, గుర్రాలనెక్కి, పరిజనంతో తోటకు వెళ్లి, వినోదాలతో దినం గడిపి, ఆ తోట గుర్తులను ధరించి సాయంకాలం మరలిరావాలి. గ్రీష్మంలో జలక్రీడ కూడా ఇదే తీరున సాగాలట. కాని ఆ జలాశయాలలో మొసళ్ల వంటి క్రూరజంతువులు లేకుండా ముందే చూసుకోవాలన్న హెచ్చరికను శాస్త్రకారుడు మరువలేదు. పిల్లలను చెరువుకు తీసుకుపోయే తల్లిదండ్రులకు ఈ జాగ్రత్త ఇప్పటికీ పనికివచ్చేదే.

అయితే ఈ యాత్ర గుర్రమూ, పరిజనమూ, తోటా గలవానికి మాత్రమే సాధ్యం. రాజాస్థానంలో ఈ వేడుక మరింత విస్తరించింది. 7వ శతాబ్దిలో హర్షచక్రవర్తి రచించిన రత్నావళీ నాటిక ప్రథమాంకంలో కౌశాంబీ పౌరులు మదనోత్సవం జరుపుకుంటారు. రంగుపొడులతో దిక్కులు ఎఱ్ఱబడతాయి, చిమ్మనగ్రోవులతో నీరు చిమ్ముతారు. ఉదయన మహారాజు దానిని ప్రాసాదం మీదినుండి విదూషకునితో కలిసి చూస్తాడు. ప్రజ క్రింద, ప్రభువు పైన. ఇక అభిజ్ఞానశాకుంతలం ఆఱవ అంకంలో దీనికి మరొక ముఖం కనిపిస్తుంది. శకుంతలా విరహంతో పరితపిస్తున్న దుష్యంతుడు వసంతోత్సవాన్నే నిషేధిస్తాడు. ఆ సంగతి తెలియక మామిడిమొగ్గ కోసిన ఉద్యానపాలికలను కంచుకి మందలిస్తాడు. ఆ నిషేధాన్ని చెట్లూ పక్షులూ సైతం పాటిస్తున్నాయని కాళిదాసు చమత్కారం. కాని ఆలోచించవలసినది వేఱు. ఉత్సవం రాజు మనస్సుకు కట్టుబడినదైతే, ఆ మనస్సు కలత చెందిన నాడు రాజ్యమంతటికీ వసంతం రాదు.

ఈ నాటకానికి వ్యాఖ్య రచించిన తెలుగు ప్రభువు కాటయవేమారెడ్డి. కాళిదాసు నాటకాలు మూడింటికీ ఆయన వ్రాసిన వ్యాఖ్యలకు కుమారగిరిరాజీయమని పేరు. ఆ కుమారగిరిరెడ్డి కొండవీటిని 1386 నుండి 1402 వరకు పాలించాడు. కాటయవేముడు ఆయనకు బావ, మంత్రి కూడా. కుమారగిరి ఏటేటా జరిపించిన వసంతోత్సవం ఎంతటిదంటే, కర్పూరాన్ని వసంతపు పొడిగా వెదజల్లిన కారణాన ఆయనకు కర్పూరవసంతరాయలన్న బిరుదు స్థిరపడింది. ఆ ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. సముద్రవ్యాపారంలో ఆరితేరిన వైశ్యుడు, పరమశివభక్తుడు. శ్రీనాథ మహాకవి హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఆయనకే. కర్పూరం, కస్తూరి వంటి వస్తువులు ద్వీపాంతరాలనుండి, దూరదేశాలనుండి ఓడలలో తీరానికి చేరి, అక్కడినుండి కొండవీటికి ఎక్కేవి. కుమారగిరి స్వయంగా నాట్యశాస్త్రం మీద వసంతరాజీయమనే గ్రంథం వ్రాశాడు.

ఇంత వైభవమూ ఏమైంది? 1402లో సింహాసనం పెదకోమటివేమునిదైంది. కాటయవేముడు రాజమహేంద్రవరం చేరాడు. పావు శతాబ్ది గడిచేలోగా కొండవీటి రెడ్డిరాజ్యమే అంతరించింది. వసంతరాజీయం లభించడం లేదు. కాటయవేముడు తన వ్యాఖ్యలలో ఉదహరించిన భాగాల వల్లనే అది ఉండేదని తెలుస్తున్నది. కర్పూరవసంతం బిరుదులో, కావ్యంలో తప్ప నేలమీద నిలువలేదు. ఇందులో కుమారగిరి దోషమేమీ లేదు. ఆయన రసికుడు, విద్వాంసుడు. కాని ఉత్సవానికి ఆశ్రయం ఆయన ఒక్కడే.

ఆలయంలో అలా కాదు. ఆగమశాస్త్రం దేవునికి రాజోపచారాలన్నీ విధించింది. ఛత్రచామరాలు, నృత్యగీతాలు, వాహనసేవలు మాత్రమే కాదు, తోటకు విహారం, తెప్పపై జలవిహారం కూడా. గర్భాలయంలోని ధ్రువమూర్తి కదలడు గనుక ఉత్సవమూర్తి బయలుదేరుతాడు. రాజు చేసిన ఉద్యానయాత్రనే దేవుడు చేస్తాడు. ఆ యాత్రకు జనమంతా పరిజనమే. ఆలయప్రవేశం అందరికీ లభించని కాలాలు ఉండేవన్నది కాదనలేని విషయం. ఆ కాలాలలో సైతం వీథికి వచ్చిన స్వామి కొంతవరకైనా ఆ లోటు తీర్చాడు.

హంపీ విరూపాక్షుని చైత్రోత్సవం ఇందుకు మంచి నిదర్శనం. శ్రీకృష్ణదేవరాయలు సంస్కృతంలో రచించిన జాంబవతీపరిణయ నాటకం ఆ ఉత్సవానికి వచ్చిన జనుల ఎదుట ప్రదర్శితమైంది. ఉదయనుడు మేడమీదినుండి ఉత్సవాన్ని చూశాడు. రాయలు దేవుని ఉత్సవానికి తన నాటకాన్ని సమర్పించుకున్నాడు. 1565లో విజయనగరం పాడుపడినా, విరూపాక్షుని రథం నేటికీ చైత్రంలో కదులుతున్నది.

తిరుమలలో ఈ ఉత్సవం చైత్రశుద్ధ త్రయోదశి మొదలు పూర్ణిమ వరకు మూడు దినాలు జరుగుతుంది. వసంతకాల తాపానికి ఉపశమనంగా, ఆలయం వెనుకనున్న వసంతమండపంలో శ్రీదేవీభూదేవీ సహితుడైన మలయప్పస్వామికి స్నపనతిరుమంజనం చేస్తారు. పాలు, పెరుగు, తేనె, కొబ్బరినీళ్లు, పసుపు, చందనం క్రమంగా అభిషేకద్రవ్యాలవుతాయి. రెండవనాడు స్వర్ణరథం. మూడవనాటి విశేషం మనోహరమైనది: సీతాలక్ష్మణాంజనేయ సమేతుడైన శ్రీరాముడు, రుక్మిణీసమేతుడైన శ్రీకృష్ణుడు కూడా ఆ మండపానికే వేంచేస్తారు. దేవుడు సైతం వేసవి విహారానికి ఒంటరిగా వెళ్లడు. అన్నమాచార్యులు ఈ వసంతకేళిని అనేక సంకీర్తనలలో గానం చేశాడు.

పూరీలో జగన్నాథుని ప్రతినిధిగా మదనమోహనుడు అక్షయతృతీయ నుండి 21 దినాలు నరేంద్రసరోవరంలో నౌకావిహారం చేస్తాడు. సింహాచలంలో వరాహనృసింహుడు అదే తిథినాడు చందనం వీడి నిజరూపంతో దర్శనమిస్తాడు. ఆ రాత్రి మూడు మణుగుల చందనం, తరువాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలలో మూడేసి మణుగుల చొప్పున మళ్లీ సమర్పిస్తారు. వేసవి పొడుగునా స్వామి ఒడలు చల్లబరచడమే ఆ సేవలోని భావం.

తెలుగు పల్లెలకు కర్పూరం అందలేదు. పసుపు, సున్నం అందాయి. ఆ రెండూ కలిపితే నీరు ఎఱ్ఱనౌతుంది. ఆ నీటికి తెలుగువారు పెట్టుకున్న పేరే ‘వసంతం’. ఋతువు పేరును ఒక కడవెడు నీటికి పెట్టుకొన్న భాష ఇది. శ్రీరామనవమికి పందిళ్లలో కల్యాణం ముగిసి, పానకమూ వడపప్పూ పంచిన తరువాత, స్వామి ఊరేగింపులో చాలా ఊళ్లలో ఈ వసంతాలాడతారు. పొరుగూళ్ల నుండి వచ్చిన ఆడపడుచులు, అల్లుళ్లు, మేనత్తలు, బాల్యమిత్రులు అందరూ ఆ వీథిలోనే ఉంటారు. అర్చకుని అంగవస్త్రం మొదలు పాలేరు తలపాగా వరకు అన్నిటిమీదా ఆ నీరు పడుతుంది. ఆనాడు తెల్లని పంచెతో వీథిలోకి వచ్చినవాడు అదే తెలుపుతో ఇల్లు చేరడు.