ఇరుకు నడవల లిఫ్ట్ ట్రక్కులు

గోదాములో రెండు ర్యాకుల వరుసల మధ్య నడవ ఎంత వెడల్పు ఉండాలో నిర్ణయించేది అక్కడ తిరిగే బండి. మామూలు ఫోర్క్‌లిఫ్ట్ సరుకును ముందు చక్రాలకు అవతల మోస్తుంది. అది ముందుకు ఒరగకుండా వెనక బరువైన ఇనుప దిమ్మ ఉంటుంది. అంత పొడవున్న బండి సరుకుతో సహా ర్యాకు వైపు తిరగాలంటే మూడున్నర నుంచి నాలుగు మీటర్ల చోటు కావాలి. ఆ చోటును తగ్గించేందుకు పుట్టినవే ఇరుకు నడవల లిఫ్ట్ ట్రక్కులు.

అమెరికాలో 1920ల నాటికే ఫోర్కులతో సరుకు పైకెత్తే బండ్లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక సరఫరాల పుణ్యమా అని ఫోర్క్‌లిఫ్టూ, సరుకు పేర్చే చెక్క ప్యాలెట్టూ జంటగా వ్యాపించాయి. యుద్ధం ముగిశాక గోదాములు పైకి పెరగసాగాయి. నడవలు మాత్రం పాత వెడల్పులోనే ఉండిపోయాయి.

అసలు మలుపు రీచ్ ట్రక్కుతో వచ్చింది. తొలి ఇరుకు నడవ విద్యుత్ రీచ్ ట్రక్కును 1954లో తామే తయారుచేశామని బ్రిటన్‌లోని లాన్సింగ్ బాగ్నాల్ సంస్థ చెప్పుకుంది. ఈ బండికి ముందువైపు రెండు కాళ్లు చాచి ఉంటాయి. సరుకు తీసేటప్పుడు మాస్టు, అంటే ఫోర్కులను పైకెత్తే నిలువు స్తంభం, ముందుకు జరుగుతుంది, తీశాక వెనక్కి వచ్చి బరువును చక్రాల మధ్యకు చేరుస్తుంది. వెనక అంత పెద్ద దిమ్మతో పనిలేదు కాబట్టి బండి పొట్టిదైంది, నడవ మూడు మీటర్లకు అటూ ఇటూగా దిగింది. అమెరికాలో మాస్టును కదపకుండా, ఫోర్కులనే కత్తెరలా ముందుకు చాచే పద్ధతి స్థిరపడింది.

తర్వాతి ఆలోచన మరింత సాహసమైనది: బండి తిరగనే అక్కర్లేదు, ఫోర్కులు తిరిగితే చాలు. ఇలా పనిచేసే టరెట్ ట్రక్కు నడవలో తిన్నగా పోతూ కుడి ఎడమలకు సరుకు అందిస్తుంది. నేలలో పాతిన తీగో, పక్కనున్న పట్టాలో దానికి దారి చూపుతాయి. దీనికి 1.7 మీటర్ల నడవ సరిపోతుంది.

లెక్క వేస్తే లాభం తెలుస్తుంది. వీపు వీపు ఆనించిన ర్యాకుల జంట లోతు 2.3 మీటర్లనుకుందాం. నడవ 3.7 మీటర్లయితే 60 మీటర్ల వెడల్పులో 10 జంటలు పడతాయి, 1.7 అయితే 15. అదే కప్పు కింద సగం ఎక్కువ సరుకు!

అయితే ఈ లాభానికి మూల్యం నేల దగ్గర చెల్లించాలి. 1.25 మీటర్ల దూరంలో ఉన్న రెండు చక్రాల కింద 2 మిల్లీమీటర్ల ఎగుడుదిగుడు ఉంటే, 10 మీటర్ల ఎత్తున మాస్టు 16 మిల్లీమీటర్లు పక్కకు ఒరుగుతుంది. అందుకే అతి చదునైన కాంక్రీటు తప్పనిసరి. బండి నడవను దాదాపు నింపేస్తుంది కాబట్టి అది ఉన్నప్పుడు మనిషి లోపలికి అడుగుపెట్టకూడదు. ఈ నియమంలో సడలింపు ఉండరాదు.

నేలను మార్చలేని పాత గోదాములకు నడుము దగ్గర వంగే బండ్లు ఆదుకున్నాయి. బ్రిటన్‌లో పుట్టిన బెండీ వాటిలో పేరున్నది. రెండు మీటర్ల నడవలో పనిచేస్తుంది, బయట లారీల దగ్గరా తిరుగుతుంది.

భారతదేశంలో 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక, పన్ను కోసం రాష్ట్రానికొకటి నడిపిన చిన్న గోదాములను కలిపి పెద్దవి కట్టడం పెరిగింది. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్ వైపు అలాంటివి వెలిశాయి. కొత్తగా కట్టేవారు బండిని ముందే ఎంచుకుని, దానికి తగిన నేల పోయించుకోవాలి. పోసిన నేలను తర్వాత సరిచేయడం చాలా ఖరీదైన పని.