టెలిస్కోప్ కొన్నారా? దాంతో పాటు ఏం కొనాలి, ఏం కొనకూడదు

మా అబ్బాయి తొమ్మిదో పుట్టినరోజుకి 130 ఎంఎం టెలిస్కోప్ కొన్నాం. పనిలో పనిగా ఐదు ఐపీసులు, రంగురంగుల ఫిల్టర్లు, 3ఎక్స్ బార్లో ఉన్న ఒక యాక్సెసరీ కిట్ కూడా ఆర్డర్ చేశాను. పెట్టె చూడ్డానికి బంగారు నగల పెట్టెలా ఉంది. మొదటి రాత్రే అన్నిటికన్నా ఎక్కువ పవర్ రావాలని 4 ఎంఎం ఐపీస్‌కి ఆ బార్లో తగిలించి గురుగ్రహం మీదకి తిప్పాం. కనిపించింది ఒక మసక మరక. అది కూడా పట్టుమని పావు నిమిషం నిలవకుండా పక్కకి జారిపోయేది. “అమ్మా, యూట్యూబ్‌లోనే బాగుంది” అని వాడు లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాలుగు నెలలు టెలిస్కోప్ గరాజ్‌లో దుమ్ము పట్టింది.

తప్పు టెలిస్కోప్‌ది కాదు. బీఎస్సీ ఎంపీసీ చదివి, కటకాల లెక్కలు చేసి పరీక్షలు రాసిన నేను, కొనేముందు ఆ లెక్క వేసుకోకపోవడమే తప్పు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక చిన్న భాగహారం

టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని ఐపీస్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో తెలుస్తుంది. ఐపీస్ అంటే మనం కన్ను పెట్టి చూసే చిన్న కటకాల గొట్టం. ఈ రెండు అంకెలూ వాటి మీదే రాసి ఉంటాయి. మాది 650 ఎంఎం. 25 ఎంఎం ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 ఎంఎం పెడితే 65 రెట్లు. నేను ఆ రాత్రి పెట్టింది దాదాపు 487 రెట్లు!

టెలిస్కోప్ ముందువైపు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాటితే బొమ్మ పెద్దదవుతుందే గాని కొత్త వివరమేమీ కనిపించదు. మా 130 ఎంఎంకి ఆ హద్దు 260. పైన గాలి కదలికల వల్ల మామూలు రాత్రుల్లో 150, 200 దాటడమే కష్టం. కాబట్టి పెట్టె మీద 500ఎక్స్, 600ఎక్స్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి.

ఐపీసులు: మూడు రకాల చూపు చాలు

తక్కువ పవర్‌కి 25 నుంచి 32 ఎంఎం. కృత్తికల గుంపు మొత్తం ఒకేసారి కంటి ముందు ఉండాలంటే ఇదే కావాలి. ఏ వస్తువునైనా ముందు దీనితో వెతికి, మధ్యలోకి తెచ్చుకుని, ఆ తర్వాతే ఐపీస్ మార్చాలి. మధ్యస్థంగా 10 ఎంఎం దగ్గరిది. చంద్రుడి మీద గుంతలకీ, గురుడి నాలుగు పెద్ద చందమామలకీ ఇది బాగుంటుంది. ఎక్కువ పవర్‌కి మా టెలిస్కోప్‌లాంటి వాటిలో 5 ఎంఎం సరిపోతుంది.

మంచి 2ఎక్స్ బార్లో ఒకటి ఉంటే పవర్ రెట్టింపవుతుంది. అంటే 25, 10 రెండే ఉన్నా 26, 52, 65, 130 అని నాలుగు పవర్లు చేతికొస్తాయి. 10 ఎంఎంకి బార్లో వేస్తే 5 ఎంఎం పెట్టినట్టే కాబట్టి మళ్లీ 5 కొనక్కర్లేదు. ప్లోసెల్ రకం ఐపీసులు ధరకి తగ్గ నాణ్యతతో ఉంటాయి. కొనేముందు గొట్టం సైజు చూసుకోండి. ఇప్పుడు ఎక్కువగా వాడేది 1.25 అంగుళాలది. పాత, చవక టెలిస్కోపుల్లో 0.965 అంగుళాలది ఉండొచ్చు. ఒకదానిది ఇంకోదానికి నేరుగా పట్టదు.

కళ్లద్దాలున్నవాళ్లకి

మామూలు దూరపు చూపు, దగ్గర చూపు సమస్య అయితే అద్దాలు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది. సిలిండర్ పవర్ ఎక్కువగా ఉన్నవాళ్లు మాత్రం అద్దాలతోనే చూడాలి. అప్పుడు ఐపీస్‌కీ కంటికీ మధ్య ఖాళీ ఉండాలి. దాన్నే ఐ రిలీఫ్ అంటారు. అది 15 నుంచి 20 ఎంఎం ఉన్నది ఎంచుకోండి. 6 ఎంఎం ప్లోసెల్ లాంటి వాటిలో ఐదు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అద్దాలతో చూడటం కుదరదు.

సూర్యుడి ఫిల్టర్: ఇక్కడ మాత్రం పొదుపు వద్దు

మాకు తెలిసినవాళ్లు గరాజ్ సేల్‌లో ఒక పాత టెలిస్కోప్ తెచ్చుకున్నారు. అందులో ఐపీస్ చివర బిగించే చిన్న నల్లటి గాజు ఒకటి ఉంది, దాని మీద ‘సన్’ అని రాసి ఉంది. పిల్లలు దాన్ని అప్పటికే బిగించేశారు. నేను వెళ్లిన సమయానికి ఇంకా ఎండ రాలేదు, అదే అదృష్టం.

ఆ గాజు ఉండేది ముందు కటకం పోగేసిన సూర్యుడి వేడంతా వచ్చి పడేచోట. ఆ వేడికి అది పగిలితే, చూస్తున్న కన్ను క్షణంలో పోతుంది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే ఎవరికీ ఇవ్వకుండా పగలగొట్టి పారేయండి.

సూర్యుడి ఫిల్టర్ ఎప్పుడూ టెలిస్కోప్ ముందువైపు, వెలుగు లోపలికి వెళ్లేచోటే ఉండాలి. మీ గొట్టం సైజుకి సరిగ్గా బిగుసుకునేది కొనండి. వాడిన ప్రతిసారీ ముందు దీపానికి ఎదురుగా పట్టుకుని సూదిమొనంత రంధ్రమైనా ఉందేమో చూడండి. ఉంటే వాడొద్దు. గాలికి ఊడిపోకుండా టేప్ వేయండి. పక్కన ఉండే చిన్న ఫైండర్‌కి మూత పెట్టండి, లేదా తీసేయండి. గ్రహణం కళ్లజోడు పెట్టుకుని టెలిస్కోప్‌లో చూడటం కూడా ప్రమాదమే. అది ఉత్త కంటికి చేసినది, పోగైన వెలుగుని ఆపలేదు.

2027 ఆగస్టు 2న సంపూర్ణ సూర్యగ్రహణం జెడ్డా, మక్కా మీదుగా వెళ్తుంది. సౌదీలో ఉన్న మనవాళ్లు ఈ ఫిల్టర్‌ని చివరి వారం దాకా వాయిదా వేయకండి.

ఇంట్లోనే దొరికేవి

ఎర్ర లైటు: చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెరిస్తే అదంతా పోతుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టండి.

కుర్చీ: కూర్చుని స్థిమితంగా చూస్తే నిలబడి వంగి చూసినదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. పిల్లలకి ఎత్తు సరిపడా గట్టి స్టూల్ వేయండి.

మంచు తొడుగు: ముందువైపు కటకం ఉన్న టెలిస్కోపుకి తేమ పడుతుంది. పాత యోగా మ్యాట్ ముక్కని గొట్టం చుట్టూ చుట్టి, ముందుకి గొట్టం వెడల్పుకి ఒకటిన్నర రెట్లు పొడుగు ఉంచితే చాలు.

నక్షత్ర పటం: తిప్పుకునే చక్రం లాంటి పటం కొంటే మీరున్న అక్షాంశానికి చేసినదే కొనండి. ధ్రువ నక్షత్రం హైదరాబాద్‌లో దిక్చక్రం నుంచి 17 డిగ్రీల ఎత్తులో ఉంటే, డాలస్‌లో 33, లండన్‌లో 51 పైన ఉంటుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న పటం ఇక్కడ సరిపోదు. ఫోన్‌లో స్టెల్లేరియం యాప్ ఉంటే రాత్రి మోడ్‌లో పెట్టుకుని వాడండి.

మొదటి ఏడాది వద్దనుకునేవి

రంగు ఫిల్టర్ల సెట్టు, 3ఎక్స్ బార్లో, చవక లేజర్ కొలిమేటర్. అద్దాలున్న టెలిస్కోప్‌లో ఆ అద్దాలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడటాన్ని కొలిమేషన్ అంటారు. అది అవసరమే, కానీ లేజరే వంకరగా ఉంటే అంతా తప్పుతుంది. మధ్యలో చిన్న రంధ్రం ఉన్న మూత చాలు. చంద్రుడి ఫిల్టర్ కూడా తప్పనిసరి కాదు. నిండు చంద్రుడు కళ్లు జిగేల్‌మనిపిస్తాడు గాని హాని చేయడు.

ఏ వరుసలో కొనాలి

మొదట ఏమీ కొనకండి. పెట్టెలో వచ్చిన ఐపీసులతోనే నాలుగైదు రాత్రులు చూడండి. చూసే ముందు టెలిస్కోప్‌ని అరగంట బయట పెట్టి చల్లబడనివ్వండి. తర్వాత ఒక మంచి తక్కువ పవర్ ఐపీస్, ఆపైన 2ఎక్స్ బార్లో. పగలు చూడాలనుకుంటే సూర్యుడి ఫిల్టర్. ఆఖరున ఫోన్ బిగించే హోల్డర్.

ఈ ఆఖరిదాన్ని మాత్రం నేను దండగ అనను. గరాజ్‌లోంచి టెలిస్కోప్ మళ్లీ బయటికి తీశాక, ఒక సాయంత్రం మా అబ్బాయి ఫోన్ బిగించి విజయవాడలో అమ్మమ్మకి వీడియో కాల్ చేశాడు. అక్కడ పొద్దున కాఫీ వేళ. చంద్రుడి మీద గుంతలన్నీ చూసి అమ్మ, “ఇన్ని మచ్చలున్నాయట్రా మన చందమామకి” అంది. పెట్టింది 26 రెట్ల ఐపీసే.