ఒషావాలో వార్త ఎవరు చెబుతారు?

2020 జనవరి 12, ఆదివారం. ఉదయం ఏడున్నర కాకముందే ఒంటారియో అంతటా సెల్ ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. పికరింగ్ అణు విద్యుత్ కేంద్రంలో ఏదో ఘటన జరిగిందనీ, రేడియోధార్మికత అసాధారణంగా వెలువడలేదనీ, ప్రజలు ఏమీ చెయ్యనక్కరలేదనీ ఆ సందేశం. ఒషావా వారికి ఇది దూరపు కబురు కాదు. పడమట పికరింగ్, తూర్పున క్లారింగ్టన్‌లో డార్లింగ్టన్. రెండు అణు కేంద్రాల మధ్య మన కాపురం.

ఆ తర్వాతి గంట మా తెలుగు వాట్సాప్ గ్రూపు చూడాలి. ఒకరు కింగ్‌స్టన్ వైపు బయలుదేరుతున్నామన్నారు. మరొకరు కిటికీలు మూసి తడిగుడ్డలు పెట్టమన్నారు. ఇంతలో విజయవాడ నుంచి అమ్మ ఫోను: "ఏరా, అక్కడేదో పేలిందటగా?" సందేశంలో పేలుడు మాటే లేదు. సముద్రం దాటేసరికి పేలింది!

ఎనిమిది దాటిన కాసేపటికి, ఆ కేంద్రాన్ని నడిపే ఒంటారియో పవర్ జనరేషన్ అది పొరపాటున వెళ్ళిన సందేశమని ట్విట్టర్‌లో ప్రకటించింది. ఫోన్లకు మాత్రం సవరణ తొమ్మిది దాటాకే వచ్చింది. షిఫ్టు మారే వేళ మామూలుగా చేసే పరీక్షలో, టెస్ట్ వ్యవస్థ అనుకుని అసలు వ్యవస్థ నుంచే పంపేశారని తర్వాత విచారణలో తేలింది. (మా వృత్తిలో ఈ పొరపాటు ఒక్కసారైనా చెయ్యనివారుంటే వారికి దణ్ణం పెట్టాలి.) మా గ్రూపు చల్లబడింది, ఎవరో ఫేస్‌బుక్‌లో కనబడిన ఒక వార్తా సంస్థ లింకు తెచ్చి పెట్టాక.

ఇప్పుడైతే ఆ లింకు ఫేస్‌బుక్‌లో కనబడదు. 2023 జూన్‌లో కెనడా పార్లమెంటు ఆన్‌లైన్ న్యూస్ యాక్ట్‌ను ఆమోదించింది. వార్తల లింకులతో లాభపడే పెద్ద వేదికలు వార్తా సంస్థలకు డబ్బు చెల్లించాలన్నది దాని సారం. గూగుల్ ఏటా 10 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మెటా ఒప్పుకోలేదు. ఆ ఆగస్టు నుంచి కెనడాలో ఉన్నవారికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాంలలో వార్తలు ఆపేసింది. ఇది విదేశీ పత్రికలకూ వర్తించింది కనుక హైదరాబాదు దినపత్రికల పేజీలూ మనకు ఖాళీ అయ్యాయి. అదే నెలలో కార్చిచ్చు వల్ల ఎల్లోనైఫ్ ఊరంతా ఖాళీ చెయ్యాల్సి వచ్చినప్పుడు జనం వార్తలను స్క్రీన్‌షాట్లు తీసి పంచుకున్నారు.

మరుసటి నెలలోనే మెట్రోలాండ్ సంస్థ 70కి పైగా వారపత్రికల ముద్రణ ఆపేసింది. మన గుమ్మంలో పడే "ఒషావా దిస్ వీక్" వాటిలో ఒకటి. దినపత్రిక "ఒషావా టైమ్స్" 1994లోనే మూతపడింది. ఫ్లయర్ల కోసమే తీసేవాళ్ళమని ఒప్పుకుంటాను. కానీ నగర మండలి ఏం చేసిందో, పన్ను ఎంత పెరిగిందో ఆ ఫ్లయర్ల మధ్యనే కనబడేది.

మిగిలింది వాట్సాప్. ఈ నిషేధం దానికి లేదు. అయితే అందులో సందేశాలు గుప్తలిపిలో వెళతాయి. పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో సంస్థ కూడా చదవలేదు. మన గోప్యతకు ఇది మంచిదే. కానీ తప్పు కబురు పక్కన "ఇది అబద్ధం" అని అంటించేవారు ఉండరు. అందుకే వాట్సాప్ వేగాన్నే తగ్గించింది. 2019 నుంచి ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి ఫార్వర్డ్ చెయ్యనివ్వలేదు. 2020 ఏప్రిల్ నుంచి, బాగా చేతులు మారినవాటిని ఒక్కదానికే పంపనిచ్చింది. జంట బాణం గుర్తు కనబడితే ఆ సందేశం కనీసం అయిదు చేతులు మారి వచ్చిందన్నమాట.

మా గ్రూపులో ఇప్పుడొక నియమం పెట్టుకున్నాం. తేదీ, అసలు లింకు లేని స్క్రీన్‌షాట్ పెట్టకూడదు. చాలామంది పాటిస్తున్నారు. అమ్మకు కూడా చెప్పాను. "తేదీ ఎందుకురా, ఇప్పుడే వచ్చిందిగా" అంది.