మంచు కింద నీళ్లు

1841లో స్విట్జర్లాండులోని ఉంటరార్ హిమానీనదం మీద లూయీ అగాసీ అనే శాస్త్రవేత్త ఒక నూతిలోకి దిగాడు. మనుషులు తవ్విన నుయ్యి కాదు. ఎండకు కరిగిన నీరు సుడులు తిరుగుతూ మంచులో తొలుచుకున్న దారి అది. దాని హోరు విని కాబోలు, ఫ్రెంచివాళ్లు ‘పిండిమర’ అని పేరు పెట్టారు. వాగును పక్కకు మళ్లించి, తాడుకు కట్టిన పలక మీద ఆయన్ని కూర్చోబెట్టి మిత్రులు కిందికి వదిలారు. 120 అడుగుల లోతున కాళ్లు నీళ్లలో మునిగాయి. ఆపమని సైగ చేస్తే పైవాళ్లకు వేరేలా అర్థమై ఇంకాస్త దింపారు. గట్టిగా అరిస్తేగానీ పైకి లాగలేదు.

ఆయన చూడబోయింది మంచు లోపలి పొరల తీరును. ఆ హిమానీనదం మీద అసలు చిక్కుప్రశ్న మాత్రం వేరు. 1827లో హూగీ అనే పరిశోధకుడు ఆ మంచు మీద కట్టుకున్న గుడిసె, పద్నాలుగేళ్లలో కిలోమీటరుకు పైగా దిగువకు వచ్చేసింది. ఎవరు తోశారు? కరిగిన నీరు పగుళ్లలోకి దిగి, గడ్డకట్టి, ఉబ్బి మంచును ముందుకు నెడుతుందన్నాడు అగాసీ. వినడానికి బాగానే ఉంది. కానీ అదే నిజమైతే నీరు గడ్డకట్టే రాత్రివేళే మంచు కదలాలి.

ఆ వేసవిలో అగాసీకి అతిథిగా వచ్చిన స్కాట్లాండు శాస్త్రవేత్త జేమ్స్ ఫోర్బ్స్, మరుసటి ఏడు షామొనీ దగ్గర మెర్ ద గ్లాస్ అనే హిమానీనదం నడకను థియోడొలైటు అనే సర్వే పరికరంతో కొలిచాడు. మంచు పగలూ రాత్రీ ఆగకుండా నడుస్తోంది. ఎండ కాచి నీళ్లు పారితే వేగం పెరుగుతోంది, చలి పట్టుకుంటే తగ్గుతోంది. 1859 డిసెంబరులో జాన్ టిండల్ అనే శాస్త్రవేత్త అదే చోట మంచుతుపానులో నిలబడి కొలిస్తే, చలికాలపు నడక వేసవిలో సగమే అని తేలింది.

అగాసీ దొంగను సరిగానే పట్టాడు, దొంగతనం జరిగిన తీరే తప్పు చెప్పాడు. అడుగుకు చేరిన నీరు ఒత్తిడి పెరిగి పైమంచు బరువును కొంత తాను మోస్తుంది. రాతితో రాపిడి తగ్గి మంచు జారుతుంది. కరుగుదల మొదలయ్యే రోజుల్లో ఉంటరార్ ఉపరితలం 0.6 మీటర్ల దాకా పైకి లేస్తుందని, మంచు వడివడిగా లేస్తున్నప్పుడే నడకా ఎక్కువగా ఉంటుందని 1983లో ఆల్ముట్ ఐకెన్ అనే పరిశోధకురాలి బృందం ప్రకటించింది.

అంటే నీళ్లెంత ఎక్కువైతే వేగమంత ఎక్కువా? కాదు. పూడిపోయిన మురుగుకాలువ తొలివానకే పొంగుతుంది. నాలుగు వానలు పడి పూడిక కొట్టుకుపోయాక, అంతకంటే పెద్దవాననూ మింగేస్తుంది. మంచు అడుగునా అంతే. వేసవి ముదిరేకొద్దీ నీరు సొరంగాలను వెడల్పు చేసుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది, నడక మందగిస్తుంది. కాబట్టి లెక్క చూడవలసింది నీరెంత అని మాత్రమే కాదు, ఎంత హఠాత్తుగా వచ్చిందని.

2006 జులైలో గ్రీన్‌లాండ్ మంచు మీద 5.6 చదరపు కిలోమీటర్ల చెరువొకటి, దాదాపు కిలోమీటరు మందం మంచును చీల్చుకుని గంటన్నరలో మాయమైంది. నయాగరాను మించిన ప్రవాహమది. పైనున్న మంచు మీటరుకు పైగా లేచి, పక్కకు జరిగి, మర్నాటికల్లా మళ్లీ దిగి కూర్చుంది.