జాను తెనుఁగు నుండి యంత్రపరీక్ష వరకు

ఒక గ్రంథము చదువరికి సుబోధమా, దుర్బోధమా యను విచారణ పాశ్చాత్యుల గణితసూత్రములతో మొదలైనదని పలువురు తలంతురుగాని, ఓరుగల్లు సీమకు ఆ ప్రశ్న ఏడువందల యేండ్ల నాటిది. పూర్వపు వరంగల్ జిల్లాలోని పాలకుర్తికి చెందిన సోమనాథుడు, ప్రౌఢమైన గద్యపద్యముల కంటె జాను తెనుఁగే, అనగా సరళమైన వాడుక తెలుగే, ఎల్లవారికి అందునని యెంచి, బసవపురాణమును పదిమంది కూడి పాడుకొనుటకు అనువైన ద్విపదలో రచించెను. కొలబద్ద లేకున్నను కొలత యతని చెవిలో నుండెను. మన కాలమున హనుమకొండ కాళోజీ నారాయణరావు, జనుల పలుకుబడియే రాతకును తగునని బ్రతుకంతయు వాదించెను.

కొలబద్ద మాత్రము అమెరికాలో పుట్టినది. మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1921లో ప్రకటించిన పదివేల పదముల పట్టికను ఆధారము చేసికొని, 1923లో లైవ్లీ, ప్రెస్సీ యను వారు పాఠ్యపుస్తకములలోని పదభారమును లెక్కించిరి. 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్, వాక్యమునకు పదములెన్ని, పదమునకు అక్షరములెన్ని యను రెండు లెక్కలతో ఒక సూత్రమును కూర్చెను. దాని ప్రకారము నూరునకు చేరువైనది సులభము, సున్నకు చేరువైనది కఠినము.

ఆ సూత్రమును మన భాషకు పట్టి చూచితిని. "పిల్లవాడు బడికి వెళ్ళాడు" అను వాక్యమున పదములు మూడు, అక్షరములు పది. లెక్కకు వచ్చిన ఫలము సున్నకు దిగువన డెబ్బదియెనిమిది! ఒకటవ తరగతి శిశువు పలుకు వాక్యము న్యాయశాస్త్రము కంటె కఠినమని తేలినది. "ఆడుకుంటున్నారు" ఆరక్షరములదైనను పసివాని నోట నిత్యము ఆడునది. "ధృతి" రెండక్షరములదైనను వాని నిలువరించును. ఇక సంధి సంగతి: "వాడెక్కడున్నాడు" కలిపి వ్రాసిన ఒక పదము, విడదీసిన మూడు. పదమేదో నిశ్చయము కాని చోట పదములను లెక్కించుటెట్లు?

యంత్రాభ్యసన మార్గము వేరు. 2001లో లువో సి, జేమీ కాలన్, 2005లో సారా ష్వార్మ్, మారి ఓస్టెన్‌డార్ఫ్ చూపిన దారి యిది: సూత్రమును మనుష్యుడు ముందుగా విధింపక, తరగతుల వారీగా విభజించిన పాఠములను యంత్రమునకు చూపగా, ఏ పదములు, ఏ వాక్యనిర్మాణములు ఏ తరగతికి తగియుండునో అదియే గ్రహించును. తెలుగునకు ఇదియే తగిన మార్గమని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన సంధుల బిగువును, సమాసముల దైర్ఘ్యమును, సంయుక్తాక్షరముల చిక్కును, పదము వాడుకలో నున్నదా నిఘంటువులో మాత్రమే యున్నదా యను భేదమును ఏకకాలమున తూచుట రెండు లెక్కల సూత్రమునకు సాధ్యము కాదు.

కాని, యంత్రమునకు గురువు కావలెను. ఆ గురుత్వము పాఠశాలలో నున్నది. ఓరుగల్లు ఉపాధ్యాయులారా, మీ విద్యార్థి చదువుచు తడబడిన పదము క్రింద ఒక గీత గీసి, ప్రక్కన వాని తరగతిని వ్రాసి, ఆ పుస్తకమును పదిలపరచుడు.