పాముతీగ లోపలి దవా

దవా ఆకులో ఉందా, ఆకు లోపల కాపురముండే జీవిలో ఉందా? హకీముల తారీఖ్ చదివినప్పుడల్లా నాకీ సవాల్ ఎదురవుతుంది.

ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో ఆదివాసీలు ‘పాముతీగ’ను దంచి, నీళ్లలో కాచి జఖ్మ్‌లకు, చీముపట్టిన పుండ్లకు వాడేవారు. వాళ్ల నుస్ఖా ఆధారంగానే అమెరికన్ శాస్త్రవేత్త గ్యారీ స్ట్రోబెల్ బృందం ఆ తీగ లోపల బతికే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియాను వేరుచేసింది. అది తయారుచేసే ‘మునుంబిసిన్’ల గురించి 2002లో ప్రకటించింది. మందులకు లొంగని టీబీ క్రిములను కూడా అవి ల్యాబ్‌లో అడ్డుకున్నాయి.

ల్యాబ్ ఫలితమే షిఫా కాదు, నిజమే. కానీ మైక్రోస్కోప్‌కు దారి చూపింది బుజుర్గుల తజుర్బానే. మన నానీమాల నుస్ఖాలను కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు, నవ్వి పారేయనూ కూడదు. వాళ్లుండగానే అడిగి, రాసిపెట్టుకుందాం.