ఎక్స్‌ఎంఎల్ పత్రాల డిజిటల్ సంతకం: ప్రక్రియా నమూనాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కాగితంపై చేసిన సంతకం ఆ కాగితాన్ని విడిచి పోదు. డిజిటల్ సంతకం పత్రంలోని అక్షరశ్రేణి నుండి గణించిన హాష్ విలువపై ఆధారపడుతుంది. ఒక్క అక్షరం మారినా చెల్లదు. 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఎక్స్‌ఎంఎల్ 1.0ను ప్రమాణంగా వెలువరించడంతో ఈ నియమానికి చిక్కు ఎదురైంది. ఎక్స్‌ఎంఎల్‌లో ఒకే సమాచారాన్ని పలు రీతులలో రాయవచ్చు. ఒక ట్యాగులోని లక్షణాల వరుస మారినా అర్థం మారదు, హాష్ మాత్రం మారుతుంది. కనుక సంతకం దేనిపై చేయాలన్నదే తొలి ప్రశ్న అయింది.

ఏకరూపీకరణ

దీనికి సమాధానం 2001 మార్చిలో వెలువడిన కానానికల్ ఎక్స్‌ఎంఎల్. పాఠపరిష్కర్త పలు ప్రతులను పోల్చి ఒక పాఠాన్ని నిర్ణయించినట్లు, ఇది లక్షణాలను నియత క్రమంలో అమర్చి, ఖాళీ మూలకాలను ఆద్యంత ట్యాగులుగా విస్తరించి, పత్రాన్ని యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. అయితే ఒక భాగాన్ని వేరొక పత్రంలో పొదిగితే, అక్కడి నేమ్‌స్పేస్‌లు దానికి సంక్రమించి సంతకం చెడిపోయేది. 2002 జూలైలో వచ్చిన ఎక్స్‌క్లూజివ్ విధానం ఈ లోపాన్ని సవరించింది.

రెండంచెల పరిశీలన

ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్‌తో కలిసి రూపొందించిన ఎక్స్‌ఎంఎల్ సిగ్నేచర్ 2002 ఫిబ్రవరిలో ప్రమాణమైంది. ఇందులో సంతకం నేరుగా పత్రంపై పడదు. ప్రతి భాగానికీ ఒక సూచిక, దాని హాష్ ఒక జాబితాలో చేరుతాయి. సంతకం ఆ జాబితాపై పడుతుంది. పరిశీలకుడు సూచికల హాష్‌లనూ, జాబితాపై సంతకాన్నీ వేర్వేరుగా సరిచూడాలి. పత్రంలోని ఏ భాగాన్నైనా విడిగా ధ్రువీకరించగల ఈ వెసులుబాటే నమూనాకు బలం. బలహీనత కూడా ఇక్కడే ఉంది.

చుట్టివేత దాడులు

2005లో మెకింటోష్, ఆస్టెల్ ఈ బలహీనతను వివరించారు. దాడి చేసేవారు సంతకమున్న మూలకాన్ని పత్రంలో మరోచోటికి జరిపి, దాని స్థానంలో నకిలీని ఉంచుతారు. పరిశీలన భాగం గుర్తింపు సంఖ్యను బట్టి అసలు మూలకాన్ని కనుగొని సరేనంటుంది; అనువర్తనం స్థానాన్ని బట్టి నకిలీని చదువుతుంది. హాష్ గాని, గూఢలిపి గాని ఇక్కడ విఫలం కాలేదు. 2012లో సొమొరోవ్‌స్కీ బృందం పరిశీలించిన 14 ఎస్‌ఏఎంఎల్ వ్యవస్థలలో 11 ఈ తరహా దాడులకు లోబడ్డాయి. సంతకమైన దానినే నమ్మాలని 2002 ప్రమాణం హెచ్చరించినా, ఆ బాధ్యత అనువర్తన నిర్మాతలపైనే మిగిలింది.

భారతీయ సందర్భం

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 3వ సెక్షన్ హాష్, అసౌష్ఠవ గూఢలిపి ఆధారిత సంతకానికి చట్టబద్ధత కల్పించింది. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైలు కూడా డిజిటల్ సంతకంతో కూడిన ఎక్స్‌ఎంఎల్ పత్రమే. దానిని స్వీకరించే సంస్థ సంతకాన్ని ఒకచోట సరిచూసి, పేరు, చిరునామాలను మరోచోటి నుండి చదివితే, ఒకరి గుర్తింపు మరొకరికి దక్కే ప్రమాదముంది.

ముగింపు

ఈ చరిత్రలో ఏకరూపీకరణ సమస్యకు ప్రమాణకర్తలు పరిష్కారం చూపగలిగారు. సరిచూసిన భాగమూ, వినియోగించిన భాగమూ ఒకటేనని నిర్ధారించడం మాత్రం ప్రమాణంతో ముగిసే పని కాదు. పరిశీలన భాగం తాను ధ్రువీకరించిన మూలకాన్నే అనువర్తనానికి అందించేలా ప్రతి వ్యవస్థనూ నిర్మించవలసి ఉంటుంది.